తీగ ఎండడానికి రెండు చలికాలాలు

డ్రమ్‌కారా, రాస్‌కామన్ జిల్లా
సెప్టెంబరు 9, 1990

అన్నయ్యా,

పోయిన మంగళవారం గాలివానకు ఆవుల కొట్టం వెనకున్న ఓక్ చెట్టు కొమ్మ ఒకటి విరిగి రేకుల మీద పడింది. లోపల ఆవుకేమీ కాలేదు, నాకే గుండె ఆగినంత పనైంది. పొద్దున్నే వెళ్ళి చూస్తే కొమ్మ కన్నా దాని చుట్టూ అల్లుకున్న ఐవీ తీగే ఎక్కువ బరువుంది. నాన్న పోయి, నువ్వు జైలుకు వెళ్ళినప్పటి నుంచి ఈ చెట్లను పట్టించుకున్న నాథుడు లేడు. ఇంటి చుట్టూ ఉన్నవన్నీ ఆ తీగ కప్పుకొని పెళ్ళికొచ్చిన మేనత్తల్లాగా లావుగా నిలబడ్డాయి.

ఇంకో సంగతి. ఆదివారం ఫాదర్ లెనెహన్ చర్చి మెట్ల మీద నన్ను ఆపాడు. "మీ ఇంటి వంతు అట్లాగే ఉండిపోయిందమ్మా. వచ్చే ఏప్రిల్లో స్టేషన్ ప్రార్థన మీ ఇంట్లో పెట్టుకుందామా?" అన్నాడు. వంతు తప్పిపోతే వదిలేస్తారనుకున్నాను. అందరిళ్ళలోనూ ప్రార్థన జరిగి మళ్ళీ మన గుమ్మం దగ్గరికే వచ్చింది. మూడున్నరేళ్ళ క్రితం ప్రార్థన జరగాల్సిన వారంలో మన ఇంట్లోంచి నాన్న శవం లేచింది కదా. కాదనలేక సరే అన్నాను. ఇరుగుపొరుగు అందరూ వస్తారు. గోడలకు సున్నం వేయాలి, కిటికీలకు రంగు వేయాలి, చెట్లు బాగుచేయాలి. అప్పటికి నువ్వూ ఇంట్లో ఉంటావు.

చెట్లెక్కి బతికినవాడివి నువ్వు, నాకు ఓనమాలు కూడా రావు. ఈ తీగ ఎట్లా తీయాలో విడమరచి రాయి. గేటు దగ్గరి యాష్ చెట్టు జోలికి మాత్రం నేను పోను. నాన్న పోయిన రోజు సగం ఊడిన తీగ ఇంకా దాని మీదే వేలాడుతోంది. పైన ఎండు కొమ్మ ఇంకొకటి దాంట్లో చిక్కుకుని ఉంది. నేను ఆ దారిన పోవడం మానేసి కంచె సందులోంచి తిరుగుతున్నాను.

నీ చెల్లెలు
డెర్వ్లా

జైలు, డబ్లిన్
సెప్టెంబరు 20

డెర్వ్లా,

లాగకు. ఇంకేం చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో. పచ్చి తీగ బెరడును కరుచుకుని ఉంటుంది, లాగితే బెరడు ఊడుతుంది. లోపల చచ్చిన కొమ్మలుంటాయి. అవి కింద పడకుండా కట్టిపట్టుకుని ఉండేది ఆ తీగే. తీగను లాగావా, కొమ్మ నీ నెత్తి మీదకు వస్తుంది. నాన్న తల ఎట్లా పగిలిందో నువ్వు చూశావు. నేను ఇంగ్లండ్ నుంచి వచ్చేసరికి శవపెట్టె మూసేశారు.

పద్ధతి ఇది. తోలు చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు. తీగ రసం ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. మోకాలి ఎత్తులో చెట్టు చుట్టూ ఒక కోత పెట్టు, రెండు జానల పైన ఇంకొకటి. మధ్యలో ఉన్నదంతా ఊడదీయి. సన్నవాటికి కత్తెర చాలు, లావువి చిన్న రంపంతో కోయి. బెరడు దాకా పోనివ్వకు, కొంచెం మిగిలి ఉండగానే ఆపి పాత ఉలితో పైకి లేపి తెంచు. చుట్టూ బెరడు తెగితే చెట్టే చస్తుంది. ఒక్క తీగ వదిలినా పైదంతా దాన్ని పట్టుకుని బతికేస్తుంది, అందుకని చేత్తో తడిమి చూసుకో. పిట్టల గూళ్ళ రోజులు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు కోయొచ్చు. గాలి వీచే రోజు చెట్టు కిందికి పోకు. ఒంటరిగా చేయకు.

ఆ తర్వాత ఏమీ చేయకూడదు. అందరూ తప్పేది అక్కడే. పైన ఉన్నది ఎండడానికి రెండు చలికాలాలు పడుతుంది. ఆకు రాలి, పట్టు వదిలి, ముక్కలు ముక్కలుగా దానంతటదే పడుతుంది.

ఈ మాటే నాన్నకూ చెప్పాను. కోత ఆయన చక్కగా కోశాడు. రెండు చలికాలాలు ఆగమంటే మాలకీ ఫీనీ ఒక్కటి కూడా సరిగ్గా ఆగనివ్వలేదు. పక్కింటివాడు సాయానికి వచ్చాడంట! ట్రాక్టర్ తెచ్చి, తీగకు తాడు కట్టి, నాన్న ఇంకా చెట్టు కిందే ఉండగా లాగాడు. పొరపాటున క్లచ్ వదిలాడంట. పొలం గట్టు కోసం ఇరవై ఏళ్ళు నాన్నతో కొట్లాడినవాడికి అంత పొరపాటు జరిగిందంటే నమ్మడానికి నేనేమైనా పాలు తాగే పిల్లాడినా?

నిన్న భోజనాల దగ్గర ఒకడు, "నీ మగతనం మాకు తెలుసులే, ఉత్త చేతులతో ఉన్నవాణ్ణి నరికావుగా" అన్నాడు. వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టాను. రెండు పళ్ళు సూపులో పడ్డాయి. ఇంకో వాడు అడ్డొస్తే వాడి చెవి కొరికాను. అందుకు రెండు వారాలు పెంచారు, ఫిబ్రవరి చివర రావాల్సినవాణ్ణి మార్చి పదిహేనుకు వస్తాను. పర్వాలేదు. మాలకీకి ఇంకో చేయి మిగిలింది, అదెక్కడికీ పోదు.

కార్మాక్

డ్రమ్‌కారా
అక్టోబరు 21

అన్నయ్యా,

నువ్వు రాసినట్టే చేశాను, కొన్నిచోట్ల నువ్వు రాయనట్టు కూడా.

యాపిల్ చెట్లు రెండూ ఒక్క పూటలో అయిపోయాయి. ఓక్ చెట్టే నా ప్రాణం తీసింది. దాని మీది తీగ నా తొడంత లావుంది అన్నయ్యా. రంపం సగంలో ఇరుక్కుపోయింది. అటూ ఇటూ గుంజి, ఒళ్ళు మండి, రంపాన్ని వదిలేసి గొడ్డలి తెచ్చాను. తిట్టుకుంటూ నరికాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను, ఎవర్నని అడక్కు. ముక్కలు మొహానికి వచ్చి కొడుతున్నా ఆగలేదు. తీగ రసం చొక్కా నిండా చిమ్మింది. తేరుకుని చూసేసరికి ఒకచోట బెరడు దాటి లోపలి చెక్కలోకి జానెడు గాటు పడింది. చుట్టూ తెగలేదులే, చెట్టు బతుకుతుంది. కానీ ఆ గాటును చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. చెట్టు కోసం అంత ఏడుపేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నానేమో, మర్నాటికి మొహం ఉబ్బి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. పోస్ట్‌మ్యాన్ చూసి, "ఎవరితో కొట్లాడావు తల్లీ? గెలిచిందెవరు?" అన్నాడు. "ఇంకా తేల్లేదు, పోటీ రెండు చలికాలాలంట" అన్నాను.

ఒంటరిగా చేయొద్దన్నావు కదా, చేయలేదు. సాయానికి మనిషి దొరికాడు. రేకుల మీద పడ్డ కొమ్మను కోయడానికి నేను పైకెక్కితే నిచ్చెనకు భుజం ఆనించి నిలబడ్డాడు. వానొచ్చినా కదల్లేదు.

గేటు దగ్గరి కొమ్మ సంగతి ఫాదర్‌తో చెప్పాను. "స్టేషన్ రోజు అందరూ దాని కిందనుంచే రావాలి కదమ్మా" అన్నాడు. నువ్వొచ్చాకే చూద్దాం. ఒక్కటే అడుగుతున్నాను. మాలకీని వదిలెయ్. బయటికొచ్చి నా దగ్గర ఉండు. ఇంట్లో రెండో కప్పు టీ పోసి మూడేళ్ళయింది.

డెర్వ్లా

జైలు, డబ్లిన్
నవంబరు 2

డెర్వ్లా,

నిచ్చెనను చేతులతో పట్టుకుంటారు. పద్దెనిమిదేళ్ళు నిచ్చెనల మీద బతికాను, ఎంతమంది నా నిచ్చెన పట్టుకున్నారో లెక్కలేదు. రెండు చేతులున్న ఏ మనిషీ భుజం ఆనించడు.

వాణ్ణి ఇంటికి రానిచ్చావు. నాన్నను చంపినవాణ్ణి నాన్న చెట్ల కిందికి రానిచ్చావు. వాడు కింద నిలబడితే నువ్వు పైన ఎట్లా నిలబడగలిగావు?

నీకు చెప్పని మాట ఒకటుంది, ఇప్పుడు విను. నాన్న పోయిన నెలకు ప్రార్థన చేయించాం కదా, ఆ మర్నాడు తెల్లారకముందే కంచె నరికే పొడుగు కొడవలి తీసుకుని వాడి కొట్టానికి వెళ్ళాను. పాలు పితుకుతున్నాడు. నన్ను, కొడవలిని చూశాడు. పారిపోలేదు. "కార్మాక్, ఆవు బెదురుద్ది, బయటికి పోదాం రా" అన్నాడు. ఆ నిదానం చూసి నాకు నెత్తురు కళ్ళల్లోకి వచ్చింది. మొదటి దెబ్బ భుజానికి తగిలింది. రెండోది తల మీదకు ఎత్తాను. వాడు ఎడమ చేయి అడ్డం పెట్టాడు. ట్రాక్టర్ నడిపింది ఈ చెయ్యే కదా అనుకుని దాన్నే నరికాను. మణికట్టు దగ్గర తెగి పాల బకెట్లో పడింది. పాలు ఎర్రబడ్డాయి, ఆవు బకెట్‌ను తన్నేసింది. వాడు కేక కూడా పెట్టలేదు. "ఇక చాలా?" అన్నాడు.

చాలదు. అప్పుడే తల తీయాల్సింది. మార్చి పదిహేనున బస్సు దిగుతాను. ముందు మన ఇంటికి రాను, వాడి కొట్టానికే వెళ్తాను. మిగిలిన చేయి తీస్తాను, తర్వాత తల తీస్తాను. మళ్ళీ ఇక్కడికే తెచ్చి పడేసినా నాకు దిగులు లేదు. నువ్వు నాకు చెల్లెలివి కావు.

కార్మాక్

డ్రమ్‌కారా
నవంబరు 11

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడున్నరేళ్ళ నుంచి రాస్తున్నాను. రాసిందల్లా పొయ్యిలో వేశాను. ఇప్పుడు వేస్తే మార్చిలో ఒక మనిషి చస్తాడు, కాబట్టి వేయను.

ఆ రోజు ట్రాక్టర్ మీద ఉన్నది నేను.

అప్పుడు స్టేషన్ వారం రోజుల్లో ఉంది. ఇల్లంతా సున్నం వేశాను, పింగాణీ కప్పులు కిందికి దించాను. గేటు దగ్గర మాత్రం ఆ చెట్టు నెత్తిన గోధుమరంగు ఎండాకులతో తీగ చీకిపోయిన దుప్పట్లాగా వేలాడుతోంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా దాని కింద నుంచి ఇంట్లోకి వస్తారన్న తలంపుకే నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న, "కార్మాక్ రెండు చలికాలాలు ఆగమన్నాడే" అన్నాడు. నేను ఊరుకోలేదు. "కార్మాక్ ఇంగ్లండ్‌లో దొరల చెట్లు చూసుకుంటున్నాడు, మనిల్లు చూసి నవ్వేది నన్ను" అన్నాను. మూడు రోజులు నస పెట్టాను. నాలుగో రోజు ఆయన విసిగిపోయి, "నీ ఇష్టం, కానియ్" అన్నాడు. మాలకీని పిలిచిందీ నేనే. గట్టు గొడవ ఉన్నా స్టేషన్ అంటే పక్కింటివాడు రాకుండా ఉండడు కదా.

మాలకీ తాడు కట్టాడు. నాన్న కింద గడ్డపారతో తీగను లేపుతున్నాడు. మాలకీ నాతో, "నువ్వు బండి మీద కూర్చో, నేను చెయ్యెత్తితేనే కదిలించు, అంతదాకా క్లచ్ మీంచి కాలు తియ్యకు" అన్నాడు. కూర్చున్నాను. వాన మొదలైంది. పొయ్యి మీద మాంసం పెట్టి వచ్చాను, అది మాడిపోతుందని నా మనసంతా వంటింట్లో ఉంది. మాలకీ చెయ్యి ఎత్తలేదు. టోపీ సర్దుకున్నాడు, అంతే. నేను క్లచ్ వదిలాను. "ఆగు!" అని అరిచాడు. తాడు బిగిసి టప్పుమంది. తీగ పరదాలాగా జారింది, దాంట్లోంచి కొమ్మ నిలువునా దిగింది. నాన్న పైకి చూశాడు. మొహం మీద పడింది అన్నయ్యా. నేను దిగి వెళ్ళేసరికి గడ్డపార ఇంకా చేతిలోనే ఉంది, మొహం లేదు. వేళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి. ఆ కొమ్మను ఎత్తబోయాను, నా వల్ల కాలేదు, గోళ్ళు ఊడివచ్చాయి.

జనం పరిగెత్తుకొచ్చేలోపు మాలకీ నన్ను చెట్టు దగ్గరికి నెట్టి తను ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాడు. "తండ్రిని చంపిన పేరు నీకెందుకు? నేనైతే మోస్తా. నోరెత్తకు" అన్నాడు. నేను నోరెత్తలేదు. నువ్వు కొడవలి తీసుకెళ్ళిన రోజు కూడా ఎత్తలేదు. ఆసుపత్రిలో అతని మంచం దగ్గర, "ఇప్పుడు చెప్పేస్తా" అన్నాను. "ఇప్పుడు చెప్తే మీ అన్న, తప్పు చేయని మనిషిని నరికానని తెలుసుకుని చస్తాడు. వదిలెయ్" అన్నాడు. కోర్టులో నీకు శిక్ష చదువుతుంటే నేను మూడో బెంచీలో కూర్చుని చేతిరుమాలు నలుపుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. నీ కొడవలి ఎవరి కోసం పెట్టుకున్నావో ఆ మనిషి మార్చి పదిహేనున బస్టాపులో నిలబడి ఉంటుంది. అతని ఇంటికి పోకు.

డెర్వ్లా

డ్రమ్‌కారా
డిసెంబరు 9

అన్నయ్యా,

నాలుగు వారాలయింది. ఫోన్ చేస్తే, నువ్వు జైలు ఆసుపత్రిలో ఉన్నావని మాత్రం చెప్పారు. ఎవరు కొట్టారు? ఎవర్ని కొట్టావు? తిట్టయినా రాయి. ఖాళీ కాగితం మడిచి పంపినా చాలు.

డెర్వ్లా

జైలు, డబ్లిన్
డిసెంబరు 28

డెర్వ్లా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి, ఓర్చుకో.

నన్నెవరూ కొట్టలేదు. నీ ఉత్తరం చదివి లేచి గోడను గుద్దాను. కొడవలి పట్టుకున్న చేయి అది. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాక కూడా గుద్దాను. నలుగురు వార్డర్లు మీద కూర్చుంటే గానీ ఆగలేదు. మూడు వేళ్ళు, మణికట్టు విరిగాయి. ఫిబ్రవరికి అతుకుతాయంటున్నారు. నాకు అతుకుతాయి.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గిందని అబద్ధం రాయను. క్లచ్ వదిలినందుకు కాదు, అది ఎవరికైనా జరుగుతుంది, నా పనిలో అట్లా పోయినవాళ్ళను ఇద్దర్ని చూశాను. మూడో బెంచీలో కూర్చున్నందుకు. నువ్వు ఎదురుగా ఉంటే గొంతు పిసికేవాణ్ణేమో. రాత్రిళ్ళు నీ గొంతు కలలోకి వస్తుంది, పిసికి లేచి ఏడుస్తున్నాను. వాడి మీదా కోపమే. "నేను కాదు" అని ఒక్క మాట అనుంటే చేయి ఉండేది కదా! పాల బకెట్‌లో ఉన్నదే కనబడుతోంది, ఏ పాలు చూసినా తాగలేకపోతున్నాను.

ఇప్పుడు పని మాట. యాష్ చెట్టు తీగకు రెండు కాదు, నాన్న పోయాకే నాలుగో చలికాలం ఇది. పూర్తిగా కుళ్ళి ఉంటుంది. ఆ కొమ్మ గాలికి ఎప్పుడైనా పడుతుంది. స్టేషన్ నాటికి అది అక్కడ ఉండకూడదు. నేను వచ్చి ఎక్కుతాను. పిట్టల రోజులు మొదలైనా మనుషుల నెత్తిన పడేదాన్ని కోయొచ్చు, గూడుందో లేదో ముందు చూస్తాను. చెట్టెక్కినవాడి నడుముకు తాడుంటుంది, అది పై పంగలోంచి కిందికి దిగి కింద నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. జారితే ఆపేది వాడే. ఆ తాడు మాలకీ పట్టుకోవాలి. వేరేవాళ్ళు పట్టుకుంటే నేను ఎక్కను. తాడును మొదలుకు రెండు చుట్లు తిప్పితే రాపిడే చాలా బరువు మోస్తుంది, ఒక చేయి చాలు. ఆ సంగతి వాడికి చెప్పు. వదిలెయ్యాలనిపిస్తే వదిలెయ్యొచ్చని కూడా చెప్పు. నలభై అడుగులుంటుంది, సరిపోతుంది. క్షమించమని అడగను, అడగడానికి నాకు మొహం లేదు.

బస్టాపుకు రావద్దు. ఇంట్లోనే ఉండు, నేనే వస్తాను.

కార్మాక్

డ్రమ్‌కారా
జనవరి 13, 1991

అన్నయ్యా,

నీ ఉత్తరం మాలకీకి చదివి వినిపించాను. కొట్టంలో ఉన్నాడు. నా గొంతు పిసకడం దాకా వచ్చినప్పుడు నవ్వాడు. తాడు మాట రాగానే లేచి పాల బకెట్‌ను గోడకేసి తన్నాడు. అతను కోపపడటం నేనెన్నడూ చూడలేదు. పార తీసుకుని తలుపును కొట్టాడు, పిడి విరిగేదాకా కొట్టాడు. ఆవులు అరుస్తున్నాయి. "నా చెయ్యి నరికి ఇప్పుడు వాడి ప్రాణం నా చేతిలో పెడతాడా? ఈ మూడేళ్ళలో వాణ్ణి నేనెన్నిసార్లు మనసులో చంపానో నీకు తెల్సా? చొక్కా గుండీ పెట్టుకున్న ప్రతిసారీ చంపా. వాడు పైనుంటే నేను తాడు వదిలేస్తానేమో. వదిలేస్తాననే రాయి. రాసి పంపు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. నన్ను బయటికి నెట్టి తలుపు వేసుకున్నాడు.

నాలుగు రోజులు అతని పొయ్యి పొగ కూడా సరిగ్గా కనబడలేదు. ఈ రోజు చర్చిలో పూజ నుంచి వస్తుంటే మన ఇంటి వైపు చప్పుడైంది. యాష్ చెట్టు దగ్గర కాదులే, దానికి దూరంగా, కొట్టం వెనక ఓక్ కింద. మంచి కొమ్మ మీదుగా తాడు వేసి, ఒక కొసకు దాణా మూట కట్టాడు. రెండో కొసను నువ్వు చెప్పినట్టే మొదలుకు రెండు చుట్లు తిప్పి కుడి చేత్తో పట్టుకున్నాడు. మూటను పైకి లాగి ఒక్కసారిగా వదులుతున్నాడు, పడేది పట్టుకోవాలని చూస్తున్నాడు. మొదటిసారి మూట నేలకు తగిలి పగిలింది. దాణా ఎత్తి, సంచి మార్చి, మళ్ళీ కట్టాడు. మళ్ళీ పడింది. అరచేయి ఒలిచి నెత్తురు కారుతోంది. చేతితొడుగు తెచ్చిస్తే, పళ్ళతో పట్టుకుని తొడుక్కున్నాడు. నేను కంచె దగ్గర నిలబడి ఆరుసార్లు లెక్కపెట్టాను. ఆరుసార్లూ పడింది. బూతులు తిడుతున్నాడు, నిన్నో నన్నో మూటనో తెలియలేదు.

ఏడోసారి మూట నేలకు బెత్తెడు దూరంలో ఆగింది. అది ఊగడం మానేదాకా అతను తాడు వదల్లేదు. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఇది యాభై కిలోలే. మీ అన్న ఇప్పుడు ఎంత బరువున్నాడు?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. ఎంత బరువున్నావో రాయి.

డెర్వ్లా